మనసు టీచర్ ఖరీదు

పిల్ల ఇంకా సన్‌షేడ్ మీదే ఉంది.

మోకాళ్ళు గుండెలకు హత్తుకుని, వీపు గోడకు ఆనించి కూర్చుంది. కాలికున్న బూటొకటి ఎప్పుడో జారి కింద సిమెంటు నేల మీద పడింది. ఆ బూటును ఎవరూ ముట్టుకోలేదు. దాని చుట్టూ ఖాళీ వదిలి, తలలు పైకెత్తి, స్కూలు మొత్తం నిలబడి ఉంది.

పోయిన వారం కథ ఆగింది ఇక్కడే. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆ పిల్లను స్కూల్లో అందరూ పిచ్చుక అంటారు. పదో తరగతి. వాళ్ళమ్మ రెండేళ్ళ క్రితం విరిగిన చేత్తో ఇల్లు వదిలి పారిపోయింది. చెయ్యి విరగ్గొట్టింది భర్తే. ఆయన అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డరు, ఈ స్కూలు కమిటీకి పెద్ద. తల్లి ఎక్కడుందో పిచ్చుకకు ఒక్కదానికే తెలుసు. ఆ రహస్యాన్ని అది ఒకే ఒక్క మనిషికి చెప్పుకుంది. స్కూలు కౌన్సిలర్‌కు. పిల్లలు ఆమెను మనసు టీచర్ అని పిలుస్తారు. నిన్న సాయంత్రం బిల్డరు తిన్నగా ఆ తల్లి పనిచేసే కళ్ళద్దాల షాపులోకి నడిచి వెళ్ళాడు. ఆమె వెనక తలుపులోంచి పరుగెత్తింది. అప్పటినుంచి ఆమె ఫోను మోగడం లేదు.

ఇవాళ మధ్యాహ్నం పిచ్చుక మూడో అంతస్తు బాత్రూమ్‌లోకి వెళ్ళి, లోపల గడియ పెట్టుకుని, కిటికీలోంచి కింది అంతస్తు సన్‌షేడ్ మీదికి దిగింది. తలుపు పగలగొడితే దూకుతానంది. నిచ్చెన కనబడినా దూకుతానంది.

పక్కనే సైన్సు ల్యాబు కిటికీ. దానికి ఇనప గ్రిల్లు. గ్రిల్లు కమ్మీల మధ్య మొహం పెట్టి మనసు టీచర్ మాట్లాడుతోంది.

"పిచ్చుకా, ఈ గ్రిల్లు తీయిస్తున్నాను. నువ్వొస్తానన్నప్పుడు నా చెయ్యి నీకందాలి కదా, అందుకు. నువ్వు పిలవకుండా ఎవరూ బయటికి రారు."

"నేనడిగింది చెప్పండి ముందు." పిల్ల తల తిప్పలేదు. "మా అమ్మ సంగతి ఎవరు చెప్పారు?"

"నేను చెప్పలేదు రా."

"గదిలో మీరూ నేనేగా ఉన్నది? మీరు కాకపోతే ఇంకెవరు? పేరు చెప్పండి, లోపలికొస్తా. అబద్ధం పేరు చెప్పొద్దు మేడమ్. మా ఇంట్లో అబద్ధాలు వింటూనే పెరిగాను, ఇట్టే తెలిసిపోతుంది."

మనసు టీచర్ వెనక్కి తిరిగింది.

ల్యాబు గుమ్మంలో ఆయా రెండు చేతులూ చాపి నిలబడింది. ఆమెను దాటి లోపలికి రావాలని బిల్డరు చూస్తున్నాడు. మీరు కనబడితే పిల్ల దూకేస్తుంది సారూ, అని ఆయా ఇప్పటికి చాలాసార్లు చెప్పింది. ఆయన అరిచాడు, తిట్టాడు, రేపట్నుంచి నీకు ఉద్యోగం లేదన్నాడు. ఆయా మాత్రం చేతులు దించలేదు.

ప్రిన్సిపాల్ మనసు టీచర్ మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "ఏదో ఒక పేరు చెప్పేయండి. మీ గది బయట స్టూలు మీద కూర్చునేది ఎవరు? ఆయా. విన్నదీ ఆయా, చెప్పిందీ ఆయా. అంతకంటే ఆలోచించడానికేముంది?"

"ఆవిడకి వినబడదు మేడమ్. తలుపు బయట ఫ్యాను పెట్టాను కదా."

అది నిజం. ఆ చప్పుడు ఫ్యాన్ను చూసి స్టాఫంతా నవ్వేవాళ్ళు. గాలి లోపలున్నవాళ్ళకు కదా కావాలి, బయట స్టూలుకు చెమట పడుతోందా అని. చప్పుడు చేసే వస్తువును తలుపు బయట పెడితే లోపలి మాట బయటికి పోదు. కౌన్సిలింగ్ చదువులో మొదట నేర్పేది అదే. మనసు టీచర్ ఆ తలుపును కంటికి రెప్పలా కాచింది.

ఆమె బిల్డరు ముందుకొచ్చి నిలబడింది.

"ఎవరు చెప్పారని అడగను సార్. ఏం చెప్పారో చెప్పండి చాలు."

"నా కూతురి సంగతి నాకు చెప్పినవాళ్ళు నాకు మేలు చేశారు. వాళ్ళని పట్టిస్తే రేపు నాకింకెవడు చెప్తాడు?" బిల్డరు పళ్ళు కొరికాడు. "జీతమిచ్చి పెట్టుకుంటే, తల్లీకూతుళ్ళు కలిసి నన్ను వెర్రివాణ్ణి చేస్తుంటే, కూర్చుని విన్నావు నువ్వు. బయటివాళ్ళు నయం. ముందు కౌంటర్లో వెతక్కండి, కనబడదు, వెనక అద్దాలు అరగదీసే గదిలో ఉంటుంది, మెడకి పచ్చ తువ్వాలు కట్టుకుంటుంది అని గుర్తులతో సహా చెప్పారు."

పచ్చ తువ్వాలు.

ఆ తువ్వాలు సంగతి పిచ్చుక ఒకే ఒక్కసారి చెప్పింది. పోయిన గురువారం. అమ్మ ఆ తువ్వాలు కట్టుకుంటే అచ్చం రామచిలకలా ఉందని చెప్పి, ఆ గదిలో మొదటిసారి నవ్వింది. ఆ ఒక్క గంటలో, ఆ గదిలోంచి పోయిన మాట అది. తలుపులోంచి కాదు.

గోడలోంచి.

ఆమె గది అసలు గది కాదు. ఆటసామాన్ల గదిని ప్లైవుడ్ గోడతో రెండుగా చీల్చి, ఒక ముక్క ఆమెకిచ్చారు. గోడ లోపల డొల్ల. అవతల బంతి పడితే ఇవతల వినబడుతుంది. మధ్యలో శబ్దం ఆపే సరుకు కూరిపించమని నెల రోజులు పోరితే, కమిటీ సరేనంది. పని ఎవరికిచ్చారు? స్కూల్లో చెక్క పనులన్నీ చేసే వడ్రంగికే. ఆ వడ్రంగి ఇప్పుడు ల్యాబు కిటికీ దగ్గర వంగి గ్రిల్లు స్క్రూలు విప్పుతున్నాడు.

ఆమె సొంత బావ, అక్క భర్త.

ఆమె వెళ్ళి అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"తుప్పుపట్టిన స్క్రూ, చదువుకున్న మరదలు. రెండూ ఒక పట్టాన కదలవు," అన్నాడు బావ గొంతు తగ్గించి. ఎంత భయమేసినా అతనికి నోరు ఊరుకోదు. "ఇదొక్కటే మొండికేస్తోంది. పిల్లని మాటల్లో పెట్టు."

ఈ నోరే ఏళ్ళ తరబడి ఆమెను రంపంలా కోసింది. నీ చదువు ఖరీదుకి పలకలు కోసే కొత్త మిషనొచ్చేదే మరదలా, అది రోజుకి వంద పలకలు కోసేది, నువ్వు రోజుకి నలుగురి ఏడుపు వింటావు, అనేవాడు. చుట్టాలెవరైనా వస్తే, మా మరదలు మనసు డాక్టరు, మందుల్లేవు, సూదుల్లేవు, ఫీజు కూడా లేదు, అని పరిచయం చేసేవాడు. పోయిన ఆదివారం పెద్ద కాంట్రాక్టు వచ్చిందని ఇల్లెగిరిపోయేలా పాడాడు. బిల్డరు కడుతున్న కొత్త అపార్ట్‌మెంట్లకు తలుపులన్నీ బావ చెయ్యాలి.

ఇప్పుడు ఆ పాట ఆమె చెవుల్లో వేరేగా మోగింది.

"బావా, పోయిన గురువారం మధ్యాహ్నం ఆటసామాన్ల గదిలో ఉన్నావు కదూ?"

"గురువారమా? నేను కోత మిల్లులో ఉన్నా."

"అబద్ధం చెప్పకు. గోడ కొలతలు గురువారమే తీశారు. తాళం చెవి ఆఫీసులోంచి మన షాపుకే ఇచ్చారు."

"మన షాపంటే నేనొక్కణ్ణేనా? కొలతలకి మీ అక్క వచ్చింది. టేపు పట్టడంలో నాకంటే మీ అక్కే..." స్క్రూడ్రైవరు ఆగింది. "అదేంటి, నీకు చెప్పలేదా?"

బావ ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత గుమ్మం అవతల నిలబడ్డ బిల్డరు వైపు చూశాడు. చూపు తిరిగి వచ్చేసరికి అతని మొహం ముసలిదైపోయింది.

"శనివారం ఆయన మనిషిని పంపాడు," అన్నాడు మెల్లగా. "ఎప్పుడూ గుమ్మం కూడా తొక్కనివాడు. నేను... నా పనితనం చూసి ఇచ్చాడనుకున్నానే."

ఆమె లేచింది.

అక్క వరండా చివర, ల్యాబు గోడకు ఆనుకుని ఉంది. పనిసంచీ కాళ్ళ దగ్గర. విప్పిన స్క్రూలు పోకుండా గుప్పిట్లో పట్టుకుంది. అక్క ఏదీ పోనివ్వదు. చెల్లెల్ని చూడగానే సంచీలోంచి నీళ్ళ సీసా తీసి అందించింది.

"తాగు చిన్నీ. గొంతు పోయింది నీకు."

"గురువారం వచ్చావట."

"వచ్చా. నీ తలుపు మూసుంది. లోపల ఎవరితోనో ఉన్నావు, కదిలించడమెందుకని కొలుచుకుని వెళ్ళిపోయా."

"విన్నావా?"

"గోడ అట్లాంటిది. చెవులు మూసుకుని టేపు పట్టుకోలేను కదా, చేతులు రెండే."

"వినడం సరే. చెప్పడం?"

అక్క సీసా వెనక్కి తీసుకుని మూత బిగించింది. కాదనలేదు. ఏడవలేదు. ఏదో ఒకటి చేసి ఉంటే బాగుండునని చెల్లెలికి అనిపించింది.

"ఆయన పెళ్ళాం కోసం వెతుకుతున్నాడని ఊరందరికీ తెలుసు. భర్తకి భార్య ఎక్కడుందో చెప్పాను. హత్య చేశానా?"

"చెయ్యి విరగ్గొట్టాడక్కా! ఎముక బయటికొచ్చింది ఆమెకి!"

అక్క గుప్పిట బిగుసుకుంది. ఒక క్షణం ఆమె కళ్ళలో ఏదో కదిలి, అణిగిపోయింది.

"నాకా సంగతి తెలీదు. అది వేరే రోజు చెప్పి ఉంటుంది నీకు. నేను విన్నది ఒక్క రోజే."

"తెలీనప్పుడు ఎందుకు చెప్పావు? ఎందుకక్కా? బావంటే సరే, రోజూ దెప్పుతాడు. నువ్వు ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఒక్క మాట..."

"అనలేదు." అక్క నవ్వింది. ఎప్పుడూ పెదాలు మూసి నవ్వే అక్క ఈసారి నోరు తెరిచి నవ్వింది. ఎడమ పక్క రెండు పళ్ళు లేవు. "నోరు తెరిస్తే ఇది కనబడుతుందని అనలేదు. పుచ్చాయి, పీకించుకున్నా. కట్టించుకుందామనుకునేసరికి నీ రెండో ఏడాది ఫీజు వచ్చింది. సరే, తర్వాత చూద్దాంలే అనుకున్నా. అప్పట్నుంచి ఒక పక్కనే నములుతున్నా. నువ్వు చూశావా ఎప్పుడైనా? మనుషుల మొహాలు చదవడం కదా నీ చదువు?"

మనసు టీచర్ ఆ ఖాళీ చిగుళ్ళ వైపే చూసింది.

"డిగ్రీ అన్నావు, కట్టాం. డిగ్రీతో ఎవడూ పిలవడు, పీజీ కావాలన్నావు. ఇంటి ముందు భాగం అద్దెకిచ్చి, ముగ్గురం షాపు వెనక ఒక్క గదిలో సర్దుకున్నాం. పీజీ అయ్యాక, ఎవరో పెద్దావిడ దగ్గర కూర్చుని పని నేర్చుకోవాలి, ఆవిడకి గంటకింతని మనమే ఇవ్వాలన్నావు. పని చేసి ఎదురు డబ్బు కట్టడం మా వడ్రంగుల్లో లేదే! మా దగ్గర నేర్చుకునేవాడికైనా అన్నం పెడతాం. అదీ కట్టాం. అన్నీ అయ్యాక ఈ ఉద్యోగం. స్కూలు బస్సు డ్రైవరు నీకంటే ఎక్కువ తెచ్చుకుంటున్నాడు. ఆయన చదివింది ఎనిమిది."

"నేను తీరుస్తానన్నాను కదక్కా. సొంతంగా క్లినిక్ పెట్టుకున్నాక..."

"నేనడిగానా?" అక్క గొంతు మొదటిసారి పైకి లేచింది. వరండాలో ప్రిన్సిపాల్ ఇటు తిరిగింది. అక్క మళ్ళీ గొంతు దించేసింది. "అడగలేదు. నా చెల్లెలు పెద్ద పని చేస్తోంది, ఆ పనేదో నాకు అర్థం కాదు, అంతే అనుకున్నా. గురువారం ఆ గోడ అవతల నిలబడి నీ పనేంటో మొదటిసారి విన్నా. ఆ పిల్ల గంటసేపు మాట్లాడింది. నువ్వు 'ఊఁ' అన్నావు. 'తర్వాత?' అన్నావు. 'అప్పుడు నీకేమనిపించింది?' అన్నావు. మళ్ళీ 'ఊఁ' అన్నావు. టేపు చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయా. ఇందుకా, ఈ ఊఁ కొట్టడానికా నేను ఒక పక్కన నమిలింది అనిపించింది."

"అక్కా..."

"అప్పుడే ఇంకోటి కూడా అనిపించింది. ఈ చదువు మొత్తంలో అమ్ముడుపోయే సరుకు ఒకటే ఉంది. నువ్వు విన్నది."

"అది నాది కాదు అమ్మడానికి!" అంది చెల్లెలు. "ఆ పిల్లదక్కా అది! నా దగ్గర దాచుకుంది."

"దాచినందుకు కిరాయి కూడా తీసుకోని గోడౌను నువ్వు." అక్క గుప్పిట్లో స్క్రూలను సంచీలో పోసి, చేతులు దులుపుకుంది. "సరే, ఇప్పుడేం చేస్తావు? నా పేరు చెప్తావా? చెప్తే బిల్డరు తలుపులు వెనక్కి తీసుకుంటాడు. ఇచ్చిన అడ్వాన్సు అప్పుడే కలపైపోయింది. సొంత అక్కే మాటలు అమ్ముకున్న కౌన్సిలర్ దగ్గరికి ఏ తల్లి తన పిల్లని పంపుతుంది? నీ చదువు మీద పెట్టిందంతా ఈ పూటతో బూడిద. ఆయా పేరు చెప్పు చిన్నీ. ఆవిడకి ఇంకో స్కూలు దొరుకుతుంది. నీకు ఇంకో చదువు దొరకదు. నా దగ్గర పీకించుకోవడానికి ఇంకేం పళ్ళు లేవు."

ల్యాబులో ఇనుము గీసుకున్న చప్పుడైంది. వెంటనే కింద జనం ఒక్కసారి హా అన్నారు.

మనసు టీచర్ పరుగెత్తింది.

పిల్ల పడలేదు. లేచి నిలబడింది. నిలబడినందుకే జనం అరిచారు. సన్‌షేడ్ వెడల్పు ఒక చెప్పుల పెట్టె అంత. పిచ్చుక వేళ్ళు గోడ మీది పగుళ్ళ కోసం తడుముతున్నాయి. బావ గ్రిల్లును ఊడదీసి నేల మీద పెట్టి, వెనక్కి జరిగాడు. భార్య వైపు చూడలేదు. కిటికీ ఖాళీగా, తలుపులేని గుమ్మంలా ఉంది.

"కాళ్ళు తిమ్మిరెక్కాయి మేడమ్," అంది పిచ్చుక. మొదటిసారి ఆ గొంతులో చిన్నపిల్ల వినబడింది. "ఇంక కూర్చోలేను. చెప్తారా, చెప్పరా?"

ఆయా గుమ్మం వదలకుండానే మెడ తిప్పి, వినీవినబడకుండా అంది. "నా పేరు చెప్పేయండమ్మా. పిల్ల లోపలికి వస్తే అదే పదివేలు. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ. నాకేం, నా పిల్లలకి పెళ్ళిళ్ళయిపోయాయి."

"చెప్పండి!" ప్రిన్సిపాల్ పళ్ళ బిగువున అంది. "ఆవిడే చెప్పమంటోందిగా!"

"ఏం పేరు చెప్తావో చూసుకుని చెప్పు," అన్నాడు బిల్డరు వరండాలోంచి. మెల్లగా అన్నాడు, కానీ వినవలసినవాళ్ళందరికీ వినబడేలా అన్నాడు.

మనసు టీచర్ కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగింది. ఎండ మొహాన కొట్టింది. చెయ్యి చాపితే పిల్ల వేళ్ళకు జానెడు దూరంలో ఆగింది. ఆ జానెడూ పిల్లే రావాలి.

ఆయా పేరు నాలుక చివరే ఉంది. చెప్తే పిల్ల లోపలికి రావచ్చు. వచ్చి, ఆయా మొహం చూస్తుంది. తల్లి ఇల్లు వదిలిన ఏడాది బడిలో తన జడ విప్పి మళ్ళీ వేసిన ఆయా, తండ్రికి అడ్డంగా చేతులు చాపిన ఆయా. ఆ మనిషి కూడా అమ్ముకుందనుకుంటే ఈ పిల్లకు భూమ్మీద నమ్మడానికి ఇంకెవరు మిగులుతారు? అప్పుడు ఇంకో కిటికీ వెతుక్కుంటుంది. అప్పుడు పక్కన గ్రిల్లు తీసి చెయ్యి చాపేవాళ్ళు ఉండరు.

ఐదేళ్ళలో పుస్తకాలు ఇలాంటి చోటు గురించి ఏమన్నాయో గుర్తు చేసుకోబోయింది. ఏదీ గుర్తు రాలేదు. ఒక పక్కనే నమిలే నోరు గుర్తొచ్చింది. ఆ నోరు ఎంతసేపు నమిలేదో, అన్నం కంచం ముందు తను ఎంత తొందరగా లేచి పుస్తకం పట్టుకునేదో గుర్తొచ్చింది.

వెనక అడుగుల చప్పుడైంది. ఎవరివో తిరిగి చూడనక్కర్లేదు. చిన్నప్పటినుంచి విన్న అడుగులు.

"చిన్నీ," అంది ఆ గొంతు, దాదాపు చెవిలో. "వద్దే."

పిల్ల చెయ్యి గోడ మీద జారింది. మళ్ళీ పట్టు దొరికింది.

"ఎవరు మేడమ్?" పిచ్చుక ఏడుస్తోంది. "ఎవరో చెప్పండి!"

మనసు టీచర్ పిల్ల కళ్ళలోకి చూసింది. కిందనున్న జనానికి, గుమ్మం అవతలున్న బిల్డరుకు, నేల మీద గ్రిల్లు పక్కన కూలబడ్డ బావకు, అందరికీ వినబడేంత గట్టిగా చెప్పింది.

"మా అక్క. నన్ను చదివించిన మా సొంత అక్క. ఇదిగో, నా వెనకే నిలబడి ఉంది."